శీతోష్ణస్థితి మార్పు – వన్యజీవులు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాస పాఠము)



మహదేవపూరునకు సమీపమున, కాళేశ్వరము కడ, ప్రాణహితానది గోదావరిలో కలియుచున్నది. ఒకే పానవట్టముపై వెలసిన రెండు లింగములను సేవించుటకు వచ్చు యాత్రికులు సంగమమున స్నానమాడి, ఎదుటి గట్టుననున్న సిరొంచ దిక్కు నొకసారి చూచి మరలిపోవుదురు. ఆ గట్టు నేలలో ఎంతటి పురాతన చరిత్ర దాగియున్నదో యెరిగినవారు తక్కువ. సిరొంచ ప్రాంతమునందలి పోచంపల్లి గ్రామము చెంత కలకత్తా నగరపు భారత గణాంకశాస్త్ర సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఒక మహాకాయ జంతువు యొక్క ఎముకలను త్రవ్వి తీసిరి. 1975లో దానికి ‘బరపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టిరి. ‘బరపా’ యనగా వంగభాషలో పెద్దకాలు. పేరులోని రెండవ భాగము రవీంద్రనాథ ఠాకూరు స్మారకము. ప్రాణహితకు ఈవలి గట్టున యామనపల్లి వద్ద దొరికిన మరియొక రాక్షసబల్లికి ‘కోటాసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరు. దాని అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపియుంచబడినది.

ఈ జంతువులు సుమారు 18, 19 కోట్ల సంవత్సరముల క్రిందటివి. వేసవియందు నెఱ్ఱెలు వారు ఈ నేల ఆనాడు మడుగులతోను, వరద మైదానములతోను నిండియుండెనని ఆ రాళ్ళలో దొరికిన చేపల శిలాజములు సాక్ష్యమిచ్చుచున్నవి. కాలక్రమమున భూమి రూపు మారినది, శీతోష్ణస్థితి మారినది, ఆ జీవులు నశించినవి, వేరు జీవులు వచ్చినవి.

కావున నొక ప్రశ్న సహజముగ పుట్టును. శీతోష్ణస్థితి మారుట సృష్టియందు క్రొత్త కానప్పుడు నేడు దానిని గూర్చి ఇంత ఆందోళన మేల? దీనికి సమాధానమిది: మార్పు క్రొత్తది కాదు, దాని వేగము క్రొత్తది. దానికి తోడు, జీవులు తప్పించుకొనిపోవు త్రోవలు మూతపడుట క్రొత్తది. ఈ రెండు మాటలను గుర్తుంచుకొన్నచో తక్కిన విషయమంతయు సులభముగ బోధపడును.

గత హిమయుగము ముగిసినప్పుడు భూమి సుమారు 5 డిగ్రీలు వేడెక్కుటకు వేల సంవత్సరములు పట్టినది. ఆ వ్యవధిలో అడవులు మెల్లమెల్లగ తావు మార్చుకొనినవి. అడవుల వెంట జంతువులు నడచినవి. నేటి మాట వేరు. యంత్రయుగమునకు పూర్వము గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళుగ నుండిన బొగ్గుపులుసు వాయువు 2024 నాటికి 420 పాళ్ళను మించినది. బొగ్గును, చమురును కాల్చుట, అడవులను నరకుట దీనికి ముఖ్య కారణములు. ఈ వాయువు భూమి వేడిని పైకి పోనీయక పట్టియుంచును. 1850–1900 నడిమి సగటుతో పోల్చినచో 2011–2020 దశకమున భూగోళపు సగటు ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలు హెచ్చినది. 2024వ సంవత్సర మొక్కదానిని తీసికొన్నచో ఆ హెచ్చు సుమారు ఒకటిన్నర డిగ్రీ. భారతదేశమున 1901–2018 మధ్య హెచ్చినది 0.7 డిగ్రీ. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని మనుష్య శరీరపు వేడి ఒక్క డిగ్రీ హెచ్చినచో దానిని జ్వరమందురు గదా! అదియుగాక సగటు స్వల్పముగ కదలినను, ఎండల తీవ్రతయు, వానల తీరును మిక్కిలి మారును.

ఈ మార్పు అన్ని జీవులను ఒకే విధముగ బాధింపదు. కొన్నిటికి వేడిమి శత్రువు, కొన్నిటికి అకాలవర్షము, కొన్నిటికి నీటి యెద్దడి, కొన్నిటికి ఆహారము వేళ తప్పుట. దూరదేశపు ఉదాహరణములకు పోకమునుపు ఊరి యెల్లలోని జీవులనే పరిశీలించుట మేలు.

మొదట దసలిపురుగు. మహదేవపూర్ పేరు వినగనే పట్టుచీర లెరిగినవారికి దసలిపట్టు స్ఫురించును. మల్బరీ ఆకు తిను పట్టుపురుగు ఇంటిలో తట్టలయందు పెరుగును. దసలిపురుగు అట్టిది కాదు, అది అడవిజీవి. నల్లమద్ది, ఏరుమద్ది చెట్ల ఆకులను తినుచు, ఎండకు ఎండి, వానకు తడిసి, ఆరుబయటనే పెరుగును. పెంపకందారులు చేయగలిగినది పురుగులను ఆకులేని చెట్టునుండి ఆకున్న చెట్టునకు మార్చుట, పక్షులు, చీమలు, కందిరీగలు వానిని తినకుండ పగలెల్ల కావలి కాయుట మాత్రమే. ఈ యడవుల దసలిపురుగును శాస్త్రజ్ఞులు ‘ఆంధ్రా లోకల్’ అను ప్రత్యేక రకముగ గుర్తించిరి. చలికాలమున కట్టిన కాయలో ఆ జీవి నిదురించును. వేసవి అంతయు అట్లే గడపి, తొలకరి చల్లదనము తగిలిన పిమ్మట రెక్కల పురుగై వెలువడి, జతకట్టి, గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు పగులు వేళకు మద్దిచెట్లపై లేత ఆకు సిద్ధముగ నుండవలయును.

వాన కురియుట, చెట్టు చిగిర్చుట, పురుగు మేలుకొనుట — ఈ మూడును ఒక్క అదనున జరిగిననే పంట. వేసవి తాపము మితిమీరినచో కాయలోని జీవి ఎండి చచ్చును. లేదా వేళగాని వేళ బయటపడును. ఆడపురుగు నేడును, మగపురుగు పదిదినములకును వెలువడినచో జత కుదురదు. వానల నడుమ దీర్ఘమైన ఎండలు కాసినచో పురుగులకు తెగుళ్ళు తగులును. దసలి పెంపకము క్షీణించుటకు అడవి తరుగుట, గిట్టుబాటు లేకుండుట మొదలగు కారణములును గలవు. ఐనను వేళ తప్పిన వాన ఆ కష్టములన్నిటికి పైన మరియొక కష్టమై కూర్చుండును. ఈ పురుగు నశించినచో నశించునది పురుగొక్కటియే కాదు. చెట్టునకును, కావలివానికిని, మగ్గమునకును తరతరములుగ నున్న సంబంధము తెగిపోవును.

రెండవది గోదావరి ఇసుకతిన్నెలపై బ్రదుకు జీవుల సంగతి. మంథనికి ఎగువనున్న శివ్వారము అభయారణ్యము 1978లో ఏర్పడినది. అది బురదమొసళ్ళకు ప్రసిద్ధము. మొసలి ఒడ్డున గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టి మట్టి కప్పును. వానిని పొదుగునది ఎండ వేడిమియే. పుట్టబోవు పిల్ల ఆడదియో మగదియో నిర్ణయించునది కూడ ఆ గుంటలోని వేడిమియే యనుట ఆశ్చర్యకరము. 28 మొదలు 31 డిగ్రీల వరకు గల వేడిలో పొదిగిన గ్రుడ్లనుండి ఆడపిల్లలే పుట్టుననియు, 32.5 డిగ్రీల వద్ద మగపిల్లలే పుట్టుననియు, అంతకు మించినచో మరల ఆడపిల్లలు కనుపించుననియు ప్రయోగములవలన తేలినది. ఒకటి రెండు డిగ్రీల భేదము ఒక జాతి సంతతిని ఏ విధముగ తారుమారు చేయగలదో దీనివలన గ్రహింపవచ్చును. ఆంధ్ర సముద్రతీరమున గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేళ్ళకును ఈ ధర్మమే కలదు. వాని విషయమున ఇసుక వేడెక్కినకొలది ఆడపిల్లలు హెచ్చి, మగవి తగ్గును.

అదే ఇసుకపై, గులకరాళ్ళ నడుమ, తీతువు గ్రుడ్లు పెట్టును. తీతువు కూత అపశకునమని జనులు నమ్ముదురు గాని, తన గ్రుడ్లకై ఆ పిట్ట పడు పాట్లు ఎరిగినచో దానిని గౌరవింతురు. ఎండ మండునప్పుడు తల్లిపక్షి నీటికి పోయి, పొట్ట యీకలను తడుపుకొని వచ్చి, గ్రుడ్లపై కూర్చుండి వానిని చల్లబరచును. ఎండ హెచ్చినకొలది ఈ ప్రయాణములు హెచ్చవలయును. నీరు దూరమైనకొలది గ్రుడ్లు దిక్కులేక యుండు కాలమును హెచ్చును. వేసవిలో అకాలవరద వచ్చెనా, గ్రుడ్లన్నియు కొట్టుకొనిపోవును. ఆనకట్టల వెనుక నీటిమట్టము పెరిగినప్పుడు తిన్నెలు మునిగిపోవుటయు కలదు. అట్టి యెడల గ్రుడ్లు పెట్టుటకు మిగిలిన కొద్దిపాటి తావుపైననే ఎండదెబ్బయు, వరదదెబ్బయు పడును.

మూడవది కార్తెలను నమ్ముకొని బ్రదుకు జీవుల సంగతి. రోహిణిలో రోళ్ళు పగులునని, మృగశిరలో తొలకరి యని, ఆరుద్రలో ఎఱ్ఱని మఖమలు ముద్దవంటి ఆరుద్రపురుగు నేలపై కనుపించునని రైతు లెరుగుదురు. ఆ పురుగు పంచాంగము చూచి రాదు. నేల తడిసినప్పుడు వచ్చును. కప్పలును అంతే. తొలివానకు నిండిన గుంటలలో అవి గ్రుడ్లు పెట్టును. పిదప రెండు మూడు వారములు వాన లేనిచో గుంట లెండి, తోకకప్పలు నీటితోపాటు ఇంకిపోవును. పిమ్మట ఒక్క దినముననే నెలవాన కురిసినను వానికి లాభము లేదు. నేటి వానల తీరు ఇట్లే మారుచున్నది. 1950–2015 నడుమ మధ్యభారతమున అతివృష్టి సంఘటనలు మూడు రెట్లయినవని 2017లో ప్రకటింపబడిన పరిశోధనము తెలుపుచున్నది. కప్పలు తగ్గినచో పంటచేలలోని పురుగులు హెచ్చుట రైతు అనుభవముననే కలదు.

చాతకపక్షి వానచినుకులు తప్ప అన్యము త్రాగదని కవిసమయము. ఆఫ్రికా నుండి నైరుతి గాలులతోపాటు సముద్రము దాటి ఉత్తర, మధ్య భారతములకు వచ్చు చాతకములు కలవు. దక్షిణమున స్థిరముగ నుండునవియు కలవు. నిజమునకు ఆ పక్షి జీవనాధారము వానచినుకు కాదు, వానవలన పుట్టు గొంగళిపురుగులు. అది స్వయముగ గూడు కట్టదు. గుంపులుగ నేలపై తిరుగు బూడిదరంగు పిట్టల గూళ్ళలో గ్రుడ్లు పెట్టును. వాన, పురుగు, పరుల గూడు — ఈ మూడును కలిసిననే దాని సంతతి నిలుచును. కవులు చెప్పిన మాట ఈ విధముగ యథార్థమే యైనది: వాన వేళ తప్పినచో చాతకమునకు దిక్కులేదు.

నాలుగవది అడవియందలి పెద్ద జంతువుల సంగతి. దిగువనున్న ఏటూరునాగారము అభయారణ్యము 1953లోనే ప్రకటింపబడినది; ఎగువన ప్రాణహిత అభయారణ్యము కృష్ణజింకల రక్షణకై 1980లో ఏర్పడినది. ఈ యడవులు ఆకురాల్చు అడవులు. వేసవిలో ఆకు లుండవు, నీడ యుండదు, వాగులు ఎండును. అట్టి గడ్డుకాలమున జంతువులను బ్రదికించునవి వాగు లోతున మిగిలిన నీటిమడుగులు, తెల్లవారుజామున రాలు ఇప్పపూలు. ఎలుగుబంటియు, జింకయు ఆ పూలకై వచ్చును. రాత్రివేళ గబ్బిలములు వచ్చి, పూదేనెకు ప్రతిగ పుప్పొడిని చెట్టునుండి చెట్టునకు మోసికొనిపోవును. కాని గబ్బిలము 42 డిగ్రీలు దాటిన వేడిని ఎక్కువసేపు సహింపజాలదు. 2018 నవంబరులో ఆస్ట్రేలియాదేశపు కెయిర్న్స్ నగర ప్రాంతమున రెండు దినముల ఎండకే 23 వేలకు పైగా పెద్దగబ్బిలములు చెట్లనుండి రాలి చచ్చినవి. వేసవిలో 44, 45 డిగ్రీల ఎండ కాయు ఈ ప్రాంతమున దట్టమైన నీడగల మఱ్ఱి, రావి చెట్లు, వాని చెంత నీరు లేకున్నచో గబ్బిలములకు బ్రదుకు లేదు. గబ్బిలములు లేనిచో ఇప్పచెట్టునకు సంతతి తగ్గును.

ఎండిన అడవికి నిప్పు మరియొక శత్రువు. తునికియాకు బాగుగ చిగిర్చుటకును, ఇప్పపూలు ఏరుకొనుటకు నేల శుభ్రపడుటకును అచ్చటచ్చట నిప్పు పెట్టు అలవాటు కలదు. పూర్వము కొంత మేర కాలి ఆరు నిప్పు, వేడిగాలులు హెచ్చిన కాలమున గుట్టలు దాటి పోవును. నేలపై గ్రుడ్లు పెట్టు అడవికోడి, నెమలి, నెమ్మదిగ నడచు తాబేలు, పాము దాని పాలగును.

నీరు కరవైనప్పుడు జింక ఊరిచెంతకు వచ్చును. జింక వెంట చిరుతపులి వచ్చును. పెంపుడు పశువులు దానికి ఆహారమగును. మహారాష్ట్రపు తాడోబా అడవులనుండియు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు ఇంద్రావతి అడవులనుండియు ప్రాణహితా గోదావరులను దాటి పెద్దపులులు ఈ వైపు వచ్చుట కలదు. ఇట్టి రాకపోకలే ఆ జాతులకు రక్ష. మారుచున్న కాలమున అనువైన తావు వెదకుకొని పోవుటకు జంతువునకు కాళ్ళు కలవు గాని, నడుమ రహదారులు, కాలువలు, గనులు, విద్యుత్తు తీగెల ఉచ్చులు అడ్డుగ నిలిచినవి. త్రోవలు మూతపడుట యని ముందు చెప్పిన దిదియే.

ఇటీవలి సంవత్సరములలో జరిగిన సంఘటనలు ఈ విషయమును కన్నులకు కట్టించుచున్నవి. 2022 జూలైలో గోదావరి పొంగి భద్రాచలము వద్ద 71 అడుగులు దాటినది. 2023 జూలై 27న భూపాలపల్లి సమీపమున మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామము నీట మునిగినది. ఆ యొక్క దినమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో సుమారు 650 మిల్లీమీటర్ల వాన కురిసినది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారము అడవులలో పెనుగాలి వీచి వేలకొలది మహావృక్షములను కూకటివ్రేళ్ళతో పెకలించినది. ఏ యొక్క గాలినో, ఏ యొక్క వరదనో చూపి ఇది కేవలము శీతోష్ణస్థితి మార్పు ఫలమని తీర్పు చెప్పుట తగదు. కాని వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టియుంచుననియు, పట్టియుంచినదానిని ఒక్కసారి క్రుమ్మరించుననియు శాస్త్రము చెప్పుచున్నది. ఇళ్ళు మునిగినవారికి సాయము వచ్చినది, వచ్చితీరవలయును. కూలిన చెట్ల తొఱ్ఱలలో గూళ్ళు కోల్పోయిన గుడ్లగూబ, చిలుక, ఉడుతల లెక్క తీసినవారు లేరు.

లోకమంతట ఇదే కథ. ఉత్తరధ్రువమున సముద్రముపై మంచు కరగి, తెల్లని ఎలుగుబంటికి వేటతావు తరుగుచున్నది. సముద్రజలము వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లబారుచున్నవి. 2024లో నాల్గవ ప్రపంచవ్యాప్త తెల్లబాటు ప్రకటింపబడినది. ఆస్ట్రేలియా, న్యూగినీల నడుమ బ్రాంబుల్ కే అను చిన్న దీవిలో మాత్రమే యుండిన ఒక ఎలుకజాతి, సముద్రపు నీరు దీవిని ముంచివేయుటచే రూపుమాసినది. 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వము అది అంతరించినదని ప్రకటించినది. శీతోష్ణస్థితి మార్పువలన అంతరించిన మొదటి క్షీరదమని దానిని పేర్కొందురు. ఆ ఎలుకకు పోవుటకు వేరు తావు లేకపోయినది. చుట్టును పొలములు, రహదారులు కమ్ముకొన్న అడవి ముక్కయు జంతువునకు అట్టి దీవియే.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. జీవుల నాశమున కంతకును శీతోష్ణస్థితినే నిందించి ఊరకుండుట సులభము. అది న్యాయము కాదు. ప్రాణహితా తీరమున బెజ్జూరు అడవిలోని పాలరాపుగుట్టపై 2013లో రాబందుల గూళ్ళు కనుగొనబడినవి. దేశమున రాబందులు నూటికి తొంబదికి పైగా నశించుటకు కారణము ఎండయు కాదు, వానయు కాదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందు. ఆ పశువుల కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చినవి. 2006లో పశువుల కా మందు నిషేధింపబడినది. సుమారు 10 లక్షల జీవజాతులు అంతరించు ప్రమాదమున నున్నవని 2019లో ప్రకటించిన అంతర్జాతీయ నివేదిక కూడ, కారణములలో మొదట నేలను, సముద్రమును మానవుడు మార్చుటను, పిదప వేటను, ఆ తరువాతనే శీతోష్ణస్థితిని పేర్కొన్నది. ఐనను బలహీనునకు వచ్చిన జ్వరమువలె, తావును కోల్పోయిన జీవికి ఈ మార్పు ప్రాణాంతకమగుచున్నది. దీనినుండి ఆశాజనకమైన నీతియు నొకటి వెలువడును: ఇతర బాధలను తొలగించినచో ఈ బాధను తట్టుకొను శక్తి జీవులకు కొంత కలుగును.

బొగ్గుపొగను తగ్గించుట రాజ్యముల పని. మహదేవపూర్ గ్రామ మొక్కటి దానిని సాధింపజాలదు. కాని గ్రామము చేయదగినవి కొన్ని కలవు. వేసవిలో వాగుమడుగుల నీటిని మోటార్లతో అడుగంట తోడకుండుట. అడవికి నిప్పు పెట్టకుండుట, పెట్టనీయకుండుట. మద్ది, ఇప్ప, మఱ్ఱి, రావి చెట్లను నరకకుండుట. పక్షులు గ్రుడ్లు పెట్టు నెలలలో కొన్ని ఇసుకతిన్నెలనైనను త్రవ్వక విడిచిపెట్టుట. పంటచేలచుట్టు విద్యుత్తు తీగె కట్టకుండుట. వీనిలో ఏ యొక్కటియు గొప్ప ధనవ్యయముతో కూడినది కాదు.

గ్రంథాలయము చేయదగిన పని యొకటి ప్రత్యేకముగ కలదు. జపానుదేశపు క్యోటో నగరమున చెర్రీచెట్లు పూచు దినమును తొమ్మిదవ శతాబ్దమునుండి వ్రాసియుంచిరి. ఆ వ్రాతలవలననే 2021లో మార్చి 26న పూచిన పూత 1,200 సంవత్సరములలో మిక్కిలి ముందు వచ్చినదని తెలిసినది. హైదరాబాదు రాజ్యమున 1931–32లో సలీం అలీ పక్షుల సర్వే జరిపి వివరములను గ్రంథస్థము చేసెను. నేటి పరిశోధకులు పోల్చిచూచుకొనుటకు అదియే ఆధారము. వ్రాసియుంచని మార్పు ముసలివారి జ్ఞాపకముతోనే మాసిపోవును. పడుచువారు తాము చూచినదే సహజమనుకొందురు.

కావున ఈ రజతోత్సవ దినమున గ్రంథాలయపు బల్లపై ఒక చిట్టా పుస్తకము నుంచుట యుక్తము. తొలకరి యే దినమున కురిసినది, ఇప్ప యే దినమున పూచినది, మద్ది యే దినమున చిగిర్చినది, ఆరుద్రపురుగు ఎన్నడు కనుపించినది, దసలికాయలు ఎన్నడు పగిలినవి, ఏ మడుగు ఏ నెలలో ఎండినది — చూచినవారు చూచినట్లు తేదీతో వ్రాయవలయును. పశువుల కాపరి చెప్పగ విద్యార్థి వ్రాయవచ్చును. దీనికి పాండిత్యము అక్కరలేదు. కన్నులు, సత్యము, ఓపిక చాలును. ఇరువదియైదు సంవత్సరములకు స్వర్ణోత్సవము జరుగును. ఆనాడు ఆ పుస్తకమును విప్పినవారికి ఏ జీవి నిలిచినదో, ఏది జారిపోయినదో తెలియును. అంతకంటె ముఖ్యముగ, జారిపోవుచున్నదానిని సకాలమున గుర్తించి, ఆ మడుగునో ఆ చెట్టునో కాపాడుటకు వీలగును. ప్రాణహిత ఒడ్డున రాళ్ళలో దొరికినది నశించిన జీవుల చరిత్ర. గ్రంథాలయమున వ్రాయబడవలసినది బ్రదికియున్న జీవుల చరిత్ర.